ఒరిజినల్స్

ప్రిన్సిపాల్ సొలొమోను బల్ల మీద చంద్రిక మేడం రాసిన వ్యాసం ఉంది. పక్కనే ఒక తెల్లకాగితం.

పాఠం చెప్పేవాడి నోటికి, పరిశోధన చేసేవాడి కలానికి ఏ దేశపు రాజ్యాంగం రక్షణ ఇచ్చిందో ఆ వ్యాసంలో ఉంది. జర్మనీ ఇచ్చింది. దక్షిణాఫ్రికా ఇచ్చింది. మన దగ్గర ఆ మాట విడిగా లేదు. అంతటితో ఆపితే పటాన్‌చెరులో ఎవరికీ పట్టేది కాదు. చివర్లో ఆమె తమ కాలేజీ సంగతి రాసింది. విద్యార్థిని తనుశ్రీ తమ ఊరి బోరునీళ్ల మీద చేసిన ప్రాజెక్టును ఆపేశారని, ఆ ఊరి పక్కనే కాలేజీ చైర్మన్‌కు కెమికల్ ఫ్యాక్టరీ ఉందని.

“ఆ పిల్ల లెక్కలన్నీ తప్పని, నువ్వు తెలువక రాసినవని గీ కాగితం మీద రాసియ్యి,” అన్నాడు సొలొమోను.

“తప్పు కావు సార్. నేనే దగ్గరుండి చేయించిన. నాకు ఈ నౌకరీ వద్దు. రాజీనామా తీసుకోండ్రి.”

“రాజీనామా సరే. మరి ఒరిజినల్స్?”

చంద్రిక మూలనున్న బీరువా వైపు చూసింది. ఈ కాలేజీలో చేరిన రోజే టెన్త్ మెమో నుంచి పీజీ దాకా సర్టిఫికెట్లన్నీ తీసుకుని అందులో పెట్టేస్తారు. చైర్మన్ ఊ అంటేనే బయటికొస్తాయి. సోమవారం ఆమెకు యూనివర్సిటీలో సర్టిఫికెట్ల పరిశీలన. తొమ్మిదేళ్లు ఎదురుచూస్తే వచ్చిన పర్మనెంట్ ఉద్యోగం.

సొలొమోను వ్యాసం మళ్లీ తిరగేశాడు.

“పోర్చుగల్ మర్చిపోయినవ్. వాళ్ల రాజ్యాంగంల గూడ ఉంది.”

ఆమెకు ఒళ్లు మండింది. ఇంత తెలిసినవాడు కుర్చీకి అతుక్కుపోయి, ఒక ఆడపిల్ల కష్టాన్ని అబద్ధమని రాయిస్తున్నాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఇలాంటివాళ్లను చూసే అని ఉంటారు.

“మీకు సిగ్గనిపిస్తలేదా సార్?”

 ఆయన పెన్ను ఆమె వైపు జరిపాడు.

“పొయ్యే దారి దొరికినప్పుడు పోవాలెనమ్మా. రాయి.”

రాసింది. తనుశ్రీ పేరు దగ్గర చెయ్యి ఆగింది. ఏడుపొచ్చింది. అయినా రాసి సంతకం పెట్టింది.

చైర్మన్ బామ్మర్ది బాలరాజ్ తాళంచెవులతో వచ్చాడు. కాగితాన్ని ఫోటో తీసి బావకు పంపాడు. అటునుంచి ఫోనొచ్చాకే బీరువా తెరిచి, చంద్రిక ఫైలు బయటికి లాగాడు.

దాని కింద, అట్ట పాలిపోయిన పాత ఫైలు మీద ‘కె. సొలొమోను, లెక్చరర్, 2006’ అని రాసి ఉంది.