భుజం దాటని గీత

"ఇంకొంచెం పైకి! వేళ్లు చీమల్లా పాకించండి," అంది ఫిజియోథెరపిస్టు.

గోడ మీద చిన్నకోడలి వేళ్లు భుజం ఎత్తు దాకా పాకి ఆగిపోయాయి. పోయిన వారం పెన్సిలుతో గీసిన గీత కూడా సరిగ్గా అక్కడే ఉంది. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

థెరపిస్టు మోచేతి కింద చెయ్యి వేసి మెల్లగా లేపబోయింది. చిన్నకోడలు "అబ్బా" అని బిగుసుకుపోయింది.

"రొమ్ము ఆపరేషనైన వాళ్లకి ఈపాటికి చెయ్యి నెత్తి దాటాలమ్మా. గాయం మానింది, కీలు బాగానే ఉంది. ఇలాగే వదిలేస్తే నిజంగానే పట్టేస్తుంది. ఇంట్లో చేస్తున్నారా?"

"పక్కన నిలబడి చేయిస్తున్నానమ్మా," అంది తోడుగా వచ్చిన పెద్దకోడలు. "తప్పు నాదేనేమో. దీన్ని గ్లాసు కూడా ఎత్తనివ్వను. బట్టలు తొడిగేది నేనే, జడ వేసేది నేనే."

"అదిగో, అదే పొరపాటు. గారాబం చేసి చెయ్యి చెడగొడుతున్నారు."

పెద్దకోడలి ముఖం చిన్నబోయింది. చిన్నకోడలి చూపు నేల మీంచి లేవలేదు. తన మూలంగా అక్క మాటపడింది.

పక్కన వ్యాయామం సైకిలు తొక్కుతున్న పెద్దాయనది ఊపిరితిత్తుల క్యాన్సరు. ఆయాసపడుతూనే నవ్వాడు.

"సిగ్గెందుకమ్మా? నన్ను చూడు. రోజూ తొక్కుతున్నా, ఇంకా మా ఇల్లు రాలేదు!"

అందరూ నవ్వారు. ఆమెకు మాత్రం నవ్వు రాలేదు.

ఈ తోడికోడళ్లు ఒకే ఇంట్లో, మేడ మీద ఒకరు, కింద ఒకరు, ఏళ్ల తరబడి ఎడమొహం పెడమొహంగా బతికారు. గొడవ దేనికొచ్చిందో ఇద్దరికీ సరిగ్గా గుర్తు లేదు. కోపాన్ని మాత్రం ఎవరి వాటా వాళ్లు భద్రంగా దాచుకున్నారు. చిన్నకోడలి జబ్బు సంగతి తెలిసిన రోజున పెద్దకోడలు పిలవకుండానే మేడ దిగి వచ్చింది.

ఇంటికొచ్చాక పెద్దకోడలు చెప్పులు విప్పుతూ అంది. "సోమవారం ఆఫీసుకి వెళ్దామనుకున్నా. ఇంకేం వెళ్తాను? సెలవు పెంచమని అడుగుతా."

"ఇప్పటికే చాలాసార్లు పెంచారు. ఉద్యోగం పోతుందేమో అక్కా."

"పోతే పోనీ. నీ చెయ్యి లేచాకే నేను మళ్లీ మేడెక్కేది."

"నా వల్ల నీకు..."

"నోర్మూసుకో. వెళ్లి స్నానం చేసి రా, జడ వేస్తా."

చిన్నకోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గుతో అక్క ముఖం చూడలేక, తువ్వాలు అందుకుని స్నానాల గదిలోకి వెళ్లింది.

గడియ పెట్టుకుని, రెండు చేతులూ నెత్తిమీదికెత్తి జుట్టు ముడి వేసుకుంది.