ఒట్టు అక్కర్లేదు

“దేవుడి దగ్గరికి మెట్లు కట్టుకోడానికి జపమాల మాస్టారికి నా స్థలమే దొరికిందా?” వెల్డరు టీ గ్లాసు ఠక్కున బల్లమీద పెట్టాడు.

జపమాల మాస్టారంటే పక్కింటి టైలరు. మిషను తొక్కుతున్నా ఆయన పెదాలు జపం చేస్తూనే ఉంటాయి. ఆ పేరు పెట్టింది వెల్డరే. వీధి ఖాయం చేసింది.

టైలరు మేడమీద ప్రార్థన గది కట్టాడు. దానికి బయటినుంచి మెట్లు కావాలి. రెండిళ్ల మధ్య సందు మూడడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు. అది తనదంటాడు టైలరు. తనదంటాడు వెల్డరు. ఇద్దరి కాగితాల్లోనూ ‘హద్దురాయి వరకు’ అనే ఉంది. ఆ రాయేమో కనిపించడం లేదు. కొలవడానికొచ్చిన సర్వేయరు చేతులెత్తేశాడు.

సందు పోతే వెల్డరు పని మూతపడ్డట్టే. పొడుగాటి ఇనుప పైపులు వెనక షెడ్డుకి చేరడానికి మరో దారి లేదు.

“ఇవాళ సంఘం పెద్దాయన తేల్చేస్తాడటగా,” అంది భార్య. “మన గోడవార ఆ తుక్కు కుప్పయినా తీసెయ్యండి. నలుగురొస్తారు, బాగోదు.”

“దాని జోలికెళ్లకు. పదకొండేళ్లుగా అక్కడే ఉంది, ఎవర్నేమంది?”

“అదీ మీలాంటిదే. ఉన్నచోటునుంచి కదలదు.”

అతను కటింగ్ మిషను స్విచ్చిమీద చెయ్యి వేసి, గడియారం చూసి తీసేశాడు. ఏడుంబావు. పక్కింట్లో ప్రార్థన ఏడున్నరదాకా జరుగుతుంది.

“అంత పడనాయనకి ఈ మర్యాదెందుకో?”

“మర్యాదా గాడిదగుడ్డా. పొద్దున్నే వోల్టేజీ ఉండదు.”

పదింటికి వీధి సంఘం పెద్దాయన సందు మొగలో కుర్చీ వేయించుకున్నాడు. టైలరు ఒక చేత్తో జపమాల, ఒక చేత్తో గ్రంథం పట్టుకుని నిలబడ్డాడు.

“కాగితాలతో తేలలేదు. ఇక ఒట్టే దారి,” అన్నాడు పెద్దాయన వెల్డరుతో. “ఆ గ్రంథంమీద చెయ్యి వేసి నాది అను. సందు నీది.”

వెల్డరు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

“దేవుడే లేడంటావుగా, నీకేం పోయింది?” వెనకనుంచి ఎవరో నవ్వారు. “పుస్తకం కరుస్తుందా ఏంటి?”

“నాకది పుస్తకమే. ఆయనకి కాదు. దాన్ని నా పైపుల దారి కోసం వాడుకోను.”

టైలరు అతనివంక తేరిపార చూశాడు.

“పోనీ మీరు వెయ్యండి మాస్టారూ,” అన్నాడు పెద్దాయన.

“నేనూ వెయ్యనండీ. సందు మనదని మా నాన్న చెప్పేవాడు. ఆయన పోయి పదకొండేళ్లయింది. రాయిని నేను కళ్లతో చూడలేదు. చూడనిదానికి దేవుణ్ణి సాక్ష్యానికి పిలవలేను.”

“చూడని దేవుణ్ణి మాత్రం నమ్ముతారు,” గొణిగాడు వెల్డరు.

“మన తగువే అది కదా తమ్ముడూ,” టైలరు నవ్వి, పెద్దాయనవైపు తిరిగాడు. “లేడనుకునేవాడిచేత ఒట్టు వేయించడమంటే అబద్ధమాడించడమేనండీ. ఇరవయ్యేళ్లుగా పక్కపక్కన ఉన్నాం. నా మెప్పుకోసం కూడా ఇతనొక్క దణ్ణం పెట్టలేదు. అలాంటివాడి మాటకి ఒట్టు అక్కర్లేదు. నాదంటే చాలు, మెట్లు మానేస్తాను.”

పెద్దాయన కళ్లజోడు తీశాడు. “విన్నావుగా. దేవుడొద్దు, ఒట్టొద్దు. నీ మాట చాలు. సందు ఎవరిది?”

కావలసింది రెండక్షరాలు. అంటే షెడ్డు నిలుస్తుంది, పని నిలుస్తుంది. గుమ్మంలోంచి భార్య చూస్తోంది. టైలరు వేళ్లమధ్య జపమాల ఆగిపోయింది.

వెల్డరు తుక్కు కుప్ప దగ్గరికి నడిచి, పైనున్న తుప్పు చక్రాన్ని తీసి పక్కన పెట్టాడు.

“హద్దురాయి దీని కిందే ఉంది మాస్టారూ, నూట ఇరవై చదరపు అడుగులూ మీవే.”