పన్నెండో మనిషి

అనకాపల్లిలో పొద్దున్నే ఇడ్లీ కుక్కర్ పొయ్యి మీద పెట్టి, సువర్చల అమెరికా ఫుట్‌బాల్ ఆటకు తీర్పు చెబుతోంది. మైదానాల్లో రెఫరీలను తీసేసి చాలా కాలమైంది. ఆ పని ఇప్పుడు ఇలా వంటిళ్లలోకి వచ్చింది. మైదానంలో ఒక్కో జట్టువాళ్లు పదకొండు మందికి మించకూడదు. ఆటగాళ్ల చొక్కాలు వాళ్ల గుండె చప్పుడు విని తెర మీద లెక్క చూపిస్తాయి. లెక్క పన్నెండైతే సువర్చల ఎర్రమీట నొక్కాలి. నొక్కితేనే ఆట ఆగుతుంది.

ఇడ్లీలు దించబోతుండగా తెర మీద పన్నెండు పడింది. నీలం చొక్కావాడొకడు గీత దగ్గర బోర్లా పడి ఉన్నాడు. అతని బదులు వచ్చినవాడు అప్పుడే వరసలో నిలబడ్డాడు.

చట్నీ రుబ్బుతున్న అత్త నీలవేణమ్మ తొంగి చూసింది. "ఆడు లెగలేకపోతన్నాడు కదే. అదీ తప్పేనేటి?"

"తప్పే అత్తా. నొక్కితే ఆళ్ల జట్టుని ఎనక్కి నెట్టేస్తారు."

"దెబ్బ తగిలినోడి మీద మళ్లీ శిచ్చేటే పాపం! కాసేపాగు, ఆడే లెగిసి పోతాడు."

సువర్చలకూ మనసొప్పలేదు. మీట మీంచి వేలు తీసేసింది. అతని పక్కనుంచే ఆట సాగిపోయింది. ఆట ఆగనిదే ఎవరూ వంగి చూడరు.

కాసేపటికి లెక్క పదకొండుకు దిగింది.

"చూసినావా, లెగిసినాడు," అంది అత్త సంబరంగా.

అతను పడినచోటే ఉన్నాడు. సువర్చల ఎర్రమీట నొక్కింది. మళ్లీ మళ్లీ నొక్కింది. తప్పేమీ లేదంటూ తెర ప్రతిసారీ పచ్చగా వెలిగింది.