ఖాళీ ట్యాంకు

మధ్యాహ్నం బస్సుకి లక్ష్మీనరసింహారావుగారు దిగుతారు. ఈలోగా మందు కొట్టే పవర్ స్ప్రేయర్ ఎలా ఉన్నదో అలాగే మూటలోకి చేరాలి.

కొండయ్య మందు డబ్బా మూడుసార్లు కడిగి వాసన చూశాడు. ఇంజను ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో చెంచాడు ఆయిలు పోసి, స్టార్టరు తాడు మెల్లగా రెండుసార్లు లాగాడు. లోపల తుప్పు పట్టకుండా రావుగారు ఏటా చేసే పనే ఇది. పూతకి మందు కొట్టడం అయిపోగానే తన చేత్తోనే అన్నీ సర్ది, గోనెపట్టా చుట్టి దాస్తారు. ఎనభై రెండులో కొన్న మిషను, నాలుగేళ్ళయినా పెళ్ళికొడుకులా ఉంటుంది.

చాట్రాయి దగ్గర ఆయన మామిడితోటకి కొండయ్య కాపలాదారు. తనకీ పద్దెనిమిది చెట్లున్నాయి. ఈసారి ఆలస్యంగా పూశాయి. పూసీ పూయగానే తేనెమంచు పురుగు పట్టింది.

"మిషను రెండ్రోజులు ఇప్పించండయ్యా" అని పదిమందిలో అడగడం కొండయ్య తెలివితక్కువతనం.

"నీకిస్తే రేపు ఊరంతా వచ్చి నా గుమ్మంలో కూర్చుంటుంది. ఎవరికీ ఇచ్చేది లేదు" అన్నారు రావుగారు. అన్నమాట వెనక్కి తీసుకునే మనిషి కాదాయన. మర్నాడే మిషను మూటగట్టి, షెడ్డు తాళంచెవి కొండయ్య చేతిలో పెట్టి, పెళ్ళికని రాజమండ్రి వెళ్ళిపోయారు.

మూడు రోజులు ఓర్చుకున్నాడు కొండయ్య. నాలుగోనాడు నల్లబడుతున్న పూతని చూస్తే ఏడుపొచ్చింది. తెలిస్తే పని పోతుంది, తోటలో గుడిసె కూడా పోతుంది. అయినా మూట విప్పాడు.

ఇప్పుడన్నీ సర్దేశాడు కానీ, పెట్రోలు సంగతే తేలడంలేదు.

దాచేముందు ట్యాంకు చివరి చుక్కదాకా ఒంపెయ్యాలి. లేకపోతే జిగురు కట్టి కార్బొరేటర్ పాడవుతుంది. రావుగారు ఏనాడూ మరిచిపోలేదు. అలాంటిది, తను మూట విప్పిన రోజు ట్యాంకు నిండుగా ఉంది! పెళ్ళి హడావిడిలో మరిచి ఉంటారు. ఒంపేశాననే అనుకుంటూ ఉంటారు. అలాగైతే ఖాళీగా ఉండటమే మంచిది.

మరి నిండుగా వదిలినట్టు గుర్తుంటే? ఉన్నదంతా చెట్లకే అయిపోయింది. మళ్ళీ నింపుదామంటే బంకు నూజివీడులో ఉంది.

గోనెపట్టా చుట్టి ముడి వేస్తుండగానే గేటు చప్పుడైంది.

రావుగారు నేరుగా షెడ్డులోకే వచ్చారు. ముడి విప్పారు. మందు డబ్బా వాసన చూశారు. ట్యాంకు మూత తీసి తొంగిచూశారు.

"ఖాళీగా ఉందేంటి?"

"తమరే ఒంపేశారు కదండీ అయ్యగారూ..." అన్నాడు కొండయ్య.

రావుగారు గుమ్మం దాకా వెళ్ళి, బయట ఎవరూ లేరని చూసుకుని వెనక్కి వచ్చారు.

"నేను పోసి వెళ్ళిన పెట్రోలు నీ పద్దెనిమిది చెట్లకీ సరిపోయిందా?" అన్నారు మెల్లగా.