రివర్సన్న బండికి ఎర్ర లివరు

“లాగు! ఇంకాస్త లాగవయ్యా, పొద్దున తిండి తిన్నావా లేదా?”

బండి కింద నుంచి పెళ్లాం వేసిన కేకకి అతను పళ్లు బిగించి గొలుసు లాగాడు. పాత జీపు నుంచి ఊడదీసిన ముందు ఇరుసు గాల్లో ఒక్క ఊపు ఊగి, పికప్పు ముక్కు కింద బుద్ధిగా కూర్చుంది. ఆమె బయటికి దొర్లుకొచ్చి, ముఖానికంటిన గ్రీజు మోచేత్తో తుడుచుకుంది.

“ఇన్నాళ్లూ వెనక చక్రాలు తోస్తుంటే ముందువి ఊరికే దొర్లాయి. ఇక చూడు, నాలుగూ ఒళ్లొంచి పనిచేస్తాయి!”

ఆ మెకానిక్కు షెడ్డు ఆమెదే. వీధంతా స్పానరక్క అంటారు. అతన్ని నాలుగు నెలల క్రితం దాకా డ్రైవరన్న అనేవాళ్లు. ఇప్పుడు రివర్సన్న అంటున్నారు.

ఎందుకంటే, కొండ మీది బడికి సరుకులు తోలేది అతనే. ఓ వానరోజు, ఎత్తులో బండరాయి మలుపు దగ్గర వెనక చక్రం గిర్రుమంది. భయంతో అతని కాలు యాక్సిలరేటరు మీంచి లేచింది, బండి జర్రున వెనక్కి జారుకుంటూ వచ్చి అడుగున కాలవలో తోక పెట్టింది. ఎవరికీ ఏమీ కాలేదు, అతని పరువుకి తప్ప. అప్పట్నుంచి కొండ కిందే బండి ఆపేస్తున్నాడు. బస్తాలు టీచర్లు మోసుకెళ్తున్నారు, పాపం.

“తప్పు నాది కాదు, బండికి సత్తువ లేదు,” అని కనబడ్డవాడికల్లా చెప్పాడు.

హెడ్మిస్ట్రెస్ కూడా విని విని విసిగిపోయింది. “మూడు వారాలు గడువిస్తున్నా. ఆ శనివారం బండి బడి గేటు దాకా రావాలి బాబూ. రాకపోతే ఈ పని ట్రాక్టరతనికి ఇచ్చేస్తాను. ఏమీ అనుకోకు.”

ఇంటికొచ్చి ముఖం వేలాడేసుకుంటే పెళ్లాం అతన్ని ఎగాదిగా చూసింది. “సత్తువే కదా లేనిది? పెడదాం పద!” అంది.

మూడు వారాలు ఇద్దరికీ వేరే లోకం లేదు. గేరుబాక్సు వెనక ఇంకో చిన్న పెట్టె బిగించింది. ఇంజను బలాన్ని ముందుకీ వెనక్కీ పంచేది అదే. సీటు పక్కన ఎర్ర బుడిపె ఉన్న కొత్త లివరు లేచింది. అతను రోజుకు యాభైసార్లు దాన్ని నిమిరి మురిసిపోయాడు. ఇక మిగిలింది ఒక్కటే, పెట్టె నుంచి ముందు చక్రాలకి బలం మోసుకెళ్లే షాఫ్టు.

“జీపుది మన బండికి జానెడు పొడవెక్కువ. లేత్ మేస్త్రీ దగ్గర కోయించాలి,” అంది ఆమె. “అది లేకపోతే ఈ హంగామా అంతా ఉత్తదే.”

శుక్రవారం సాయంత్రం ఆమె లేత్ దగ్గరికి వెళ్లింది. అతను క్యానులో డీజిలు పట్టించుకుని వచ్చేసరికి బండి కింద నుంచి ఠంగు ఠంగుమని చప్పుళ్లు వినిపిస్తున్నాయి.

“అయిపోయిందా? ఉండు, నేనూ దూరి చూస్తా!”

“దూరకు! ఆయిలు కారుతోంది, ఉన్న ఒక్క మంచి చొక్కా పాడవుతుంది. పైన స్టీరింగు సంగతి నువ్వు చూసుకో, కింద సంగతి నాకొదిలెయ్. వెళ్లి నాలుగు ఇసుక బస్తాలు వెనక ఎక్కించు.”

“ఇసుకెందుకే?”

“ముందు బరువు పెరిగింది కదయ్యా, సరితూగొద్దూ? అలాగే వెనక టైర్లలో కాస్త గాలి తియ్యి.”

పెళ్లాం మెకానిక్కు అయ్యాక ఇక ఎదురు ప్రశ్నలేముంటాయి? గాలి తీశాడు, బస్తాలు మోశాడు.

శనివారం తెల్లారేసరికి ఎత్తంతా ఎర్రబురద. పైన గోడెక్కి పిల్లలు ఒకటే గోల. పక్కన గొడుగుతో హెడ్మిస్ట్రెస్. కింద ట్రాక్టరతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“రివర్సన్నా, వెనక్కొచ్చేటప్పుడు హారను కొట్టు. పక్కకి తప్పుకుంటా!”

అతను ఉక్రోషంగా ఎర్ర లివరు లాగాడు. ఠక్!

“ఒకటే మాట చెప్తా, విను,” అంది పక్కన కూర్చున్న పెళ్లాం. “ఎక్కడం మొదలెట్టాక యాక్సిలరేటరు మీంచి కాలు తీయకు. చక్రం గిర్రుమన్నా, ఆకాశం విరిగిపడ్డా సరే. సగంలో తీశావో, కొత్త పెట్టె ముక్కలైపోతుంది. మూడు వారాల నా కష్టం బూడిదే!”

బండి కదిలింది. బురద చిమ్ముతోంది. బండరాయి మలుపు రానే వచ్చింది. చక్రం గిర్రుమంది. అతని కాలు లేవబోయింది. అమ్మో, పెట్టె! కాలు అక్కడే నొక్కిపెట్టాడు. బండి గుర్రుమని పక్కకి జానెడు జారి, పట్టు దొరికించుకుని పైకి దూకింది.

“లాగుతున్నాయే! ముందు చక్రాలు లాగుతున్నాయి! స్టీరింగులో తెలుస్తోంది!”

“తెలుస్తోంది కదూ?” అంది ఆమె, కిటికీలోంచి బయటికి చూస్తూ.

గేటు దగ్గర ఆగగానే పిల్లలు ఈలలతో బండిని చుట్టుముట్టారు. హెడ్మిస్ట్రెస్ గొడుగు పక్కన పడేసి చప్పట్లు కొట్టింది. “ఇక ఈ పని నీదే బాబూ!” కింద నుంచి ట్రాక్టరతను కూడా చెయ్యెత్తి, “డ్రైవరన్నా, అదరగొట్టావ్!” అని అరిచాడు. ఆ పిలుపుకి అతనికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

“చూశావా? తప్పు నాది కాదని మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా!”

“నువ్వు చెప్పిందే నిజం లేవయ్యా,” అని నవ్వి, ఆమె చక్రానికి పట్టిన బురద గీకడానికి కూర్చుంది.

అంతలో సీటు మీద ఆమె ఫోను మోగింది. ఆమె చేతులు తుడుచుకునేలోపే, ఆ హుషారులో అతనే తీసి స్పీకరు నొక్కాడు. హలో అనకముందే లేత్ మేస్త్రీ గొంతు ఖంగుమంది.

“స్పానరక్కా, నీ షాఫ్టు కోయడం ఇప్పుడే అయింది, వచ్చి పట్టుకెళ్లు!”