దొర కాళ్లకు మందు

పోలీస్ యాక్షన్ అయింది. సంఘానికి భయపడి పారిపోయిన దొరలంత మిలిటరీ వెనకాల ఊళ్లకు మళ్లుతున్నరు. అల్లాదుర్గ్ దిక్కు దొర ఇంద్రకరణ్ మాత్రం మెదక్ల దవాఖాన మంచం మీద ఉన్నడు. నిలవెడితె కూలవడుతుండు.

“సంఘపోళ్లు, డాక్టర్ సాబ్. నలుగురు కలిసి నన్నిట్ల చేసిండ్రు. వాళ్లను జైలుకు తోలందే చావ.”

డాక్టరు చూసిండు. ఎముక విరగలేదు. గాయం జాడ లేదు. పాదాలు పసిపిల్ల చెంపల్లెక్క మెత్తగున్నయి. అయినా దొర అబద్ధమాడుతడా? లోపలి దెబ్బ అన్నడు. రోజూ నడిపియ్యమన్నడు.

ఆ పని ముందుగాల కంపౌండర్ ఆశీర్వాదం మీద పడ్డది. “మీ బాంచెన్ దొరా, జర కాలు కింద పెట్టుండ్రి” అని వంగి దండం పెట్టేటోడు. అంత మర్యాద దొరికితె దొర ఎందుకు లేస్తడు? కాళ్లు పిసికిచ్చుకోని గుర్రు కొట్టేటోడు.

తర్వాత నర్సు ఎలిశిబా వచ్చింది. మాటల చక్కెర లేని మనిషి.

“లేవుండ్రి.”

“నొస్తుందే పిల్లా.”

“నొయ్యనియ్యుండ్రి. మీరిక్కడ పండుకుంటె ఆ నలుగురు మీ పొలం దున్నుకుంటున్నరట. మస్తు పండిందట.”

దొర మొకం ఎర్రబడ్డది. కాలు నేల మీద పడ్డది.

ఇగ అదే వైద్యం. నూనెలు చెయ్యని పని పగ చేసింది. దొర ఆగినప్పుడల్ల ఆమె ఆ నలుగురిని యాది చేసేది. దొర పండ్లు కొరుక్కుంట ఇంకో అడుగేసేటోడు.

“గట్ల ఉసిగొల్పుతవేందక్కా?” అన్నడు ఆశీర్వాదం.

“దెబ్బలు తిన్న మనిషి. న్యాయమన్న చూడనియ్యి.”

ఒక పొద్దు పోలీసు అమీన్ సాబ్ ఆ నలుగురిని తాళ్లతోని కట్టి తెచ్చిండు. వార్డులకు తుపాకులు రావద్దని డాక్టరు బయటనే ఆపిండు.

“దొర నడిచొచ్చి, ఒక్కొక్కని మీద చెయ్యేసి చూపియ్యాలె. లేకుంటె వీళ్లను ఇడిచిపెడత” అన్నడు అమీన్.

ఎలిశిబా దొర చెయ్యి ఇడిచింది. “పోండ్రి. నేను రాను.”

దొర నడిచిండు. గోడ పట్టుకోలేదు, కట్టె పట్టుకోలేదు. వాకిలంత దాటి పోయి నలుగురి భుజాల మీద చెయ్యేసిండు. మంచాల మీది రోగులు లేచి చూసిండ్రు. ఎలిశిబా కండ్లు తుడుచుకున్నది. ఎవరినన్న నడిపిస్తె ఏ నర్సుకైన ఉండే సంబురమే.

“బరాబర్ చెప్పుండ్రి దొరా. కట్టెలతోని కొట్టిండ్రా, తుపాకి మడమలతోనా?” అన్నడు అమీన్.

దొర మోకాలు రుద్దుకున్నడు.

“కొడితె బాగుండు అమీన్ సాబ్, పుట్టిన సంది కాలు కింద పెట్టనియ్యకుండ నన్ను మేనాల కూసోవెట్టి భుజాల మీద మోసినోళ్లు, ‘ఇగ నువ్వే నడువు’ అని తొవ్వల దించి పోయిండ్రు.”