ఒక్కసారి ఆపిన బెల్టు

మూడో అంతస్తు నుంచి జారిన కృపాకర్ నేల మీద పడలేదు.

గాలిలో వేలాడాడు. కట్టుకున్న సేఫ్టీ బెల్టు ఆపేసింది.

కింద అందరూ గుండెలు బాదుకుంటుంటే పైనుంచి నవ్వు వినిపించింది.

"బతికే ఉన్న! జర జల్ది దింపుండ్రి, చెప్పు ఊడిపోతున్నది!"

మొయినాబాద్‌లో కడుతున్న ఆ ఫంక్షన్ హాలు దగ్గర మూడో రోజు పండగే అయింది. ఆలూరు నుంచి కృపాకర్ తల్లి సరోజమ్మ పనివాళ్లందరికీ బగారన్నం, కోడికూర వండుకొచ్చింది. తోటివాళ్లు బెల్టుకు బంతిపూల దండ వేసి గోడకు తగిలించారు.

"సచ్చేదాక ఇదే కట్టుకుంట. నాకింక ఏ ఫికర్ లేదు" అన్నాడు కృపాకర్.

అప్పుడే షేర్ ఆటో దిగి ఒకావిడ లోపలికి వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. చేతిలో సంచి.

"మనిషిని ఆపిన బెల్టు ఏది?"

బెల్టుల కంపెనీ నుంచి మనిషి వస్తుందని సూపర్‌వైజర్ సుకుమార్ పొద్దున్నే చెప్పాడు. ఎవరో ఆఫీసరమ్మ అనుకుని కృపాకర్ గర్వంగా చూపించాడు.

ఆమె దండ తీసి పక్కన పెట్టింది. బెల్టును ఒడిలోకి తీసుకుని కుట్ల మీద వేలితో తడుముతూ చాలాసేపు కూర్చుంది. తర్వాత సంచిలోంచి పెద్ద కత్తెర తీసింది.

"ఏం జేస్తున్నవ్ మేడమ్?"

"కోస్తున్న."

"అది నా పానం కాపాడింది!"

"ఒక్కపారి మనిషి బరువు గుంజితే లోపల దారాలు తెగుతయి బిడ్డా. పైకి కనబడదు. రెండోపారి ఆపుతదని నమ్మలేం. అందుకే కోసెయ్యాలె. రూల్ అది."

"నేను కట్టుకోను. ఇంట్ల దాసుకుంట."

"ఇంట్ల ఉంటే ఏనాడో ఒకనాడు ఎవరన్న కట్టుకుంటరు."

కత్తెర కరకరమంది.

కృపాకర్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఏసీల కూసునేటోళ్లకు మా సంగతి ఏం ఎరుక!" అన్నాడు, అందరికీ వినబడేలా.

ఆమె కుట్లున్న ముక్క ఒకటి ఏరుకుని రొండిన దోపుకుంది. సంచిలోంచి కొత్త బెల్టు తీసి తన చేతులతోనే అతనికి తొడిగింది. తొడల పట్టీల కింద రెండు వేళ్లు దూర్చి బిగువు చూసింది. వీపు మీది రింగును భుజాల నడుమకు జరిపింది.

"కొక్కెం ఎప్పుడు నెత్తి కంటె పైననే తగిలియ్యాలె. పిల్లలున్నరా?"

"ఒక బిడ్డ, పింకీ. మొన్ననే రెండేండ్లు నిండినయి" అన్నాడు ముక్తసరిగా.

ఆమె ముఖం వెలిగిపోయింది. అతని రెండు చెంపలూ చేతులతో నిమిరి మెటికలు విరిచింది.

"సల్లగుండు!"

ఆఫీసర్లు ఇట్లా కూడా ఉంటారా అని కృపాకర్ తికమకపడ్డాడు.

"ఇంత తిని పోరాదక్కా" అంది సరోజమ్మ.

"వాళ్లు మన కాడ తింటరా? ఊకో అమ్మా" అన్నాడు కృపాకర్.

ఆమె నవ్వి, రోడ్డు మీద ఆగిన ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

కాసేపటికి సుకుమార్ వచ్చాడు.

"నీలమ్మ ఏది? అన్నం పెట్టిండ్రా?"

"ఆ ఆఫీసరమ్మనా? పోయింది సార్."

"ఆఫీసరెవరు రా! కంపెనీల మిషన్ మీద బెల్టులు కుట్టే మనిషి. నీ బెల్టు నంబర్ చెప్తే, ఎవరు కుట్టిండ్రో రిజిస్టర్ల చూసిండ్రు. కుట్టింది తనే అని ఎరుకైనంక ఆమె ఆగలేదు. సెలవు పెట్టుకోని వచ్చింది."

కృపాకర్ చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది.

"ఇరవై ఏండ్ల సంది కుడుతున్నదట. తను కుట్టిన బెల్టు ఆపితే బతికిన మనిషిని చూసుడు ఇదే మొదలు అని, పొద్దున ఫోన్ల సంబురంతోని ఏడ్చింది రా!"